టోక్యోలో బీడీల పోటీ

ఆస్ట్రేలియా వాళ్లు పరాయి దేశపు గుర్రాలను తమ గడ్డ మీద కాలు పెట్టనివ్వలేదన్న సంగతి నిజామాబాదులో మా వాడకట్టు ఆడవాళ్లకు చెప్పింది నేనే. యాభై ఆరులో ఒలింపిక్ పోటీలు ఆ దేశంలో జరిగాయి. పరుగులు, ఈతలు, దూకుళ్లు అన్నీ అక్కడే. గుర్రాల పోటీలు మాత్రం ఆ ఏడాదే కొన్ని నెలల ముందు, ఎక్కడో స్వీడన్‌లో. బయటి గుర్రాల వల్ల తమ పశువులకు ఏ రోగం అంటుకుంటుందోనని వాళ్ల భయం. నేను చదివేటప్పటికి అది నాలుగేళ్ల పాత ముచ్చట. రోము పోటీలు దగ్గరపడుతున్నాయని పేపర్ వాళ్లు ఆదివారం పూట ఇలాంటి వింతలు వేసేవారు. అది విన్న రోజు మా అరుగు మీద పన్నెండు మంది చేతులు ఒక్కసారి ఆగిపోయాయి. బీడీలు చుట్టే చేతులు పట్టపగలు ఆగడం చిన్న సంగతి కాదు.

"మనుషులను రానిచ్చి గుర్రాలను వద్దన్నరా?" అంది ఒకామె.

"మనుషులకు రోగాలుండయా ఏందే?" అంది ఇంకొకామె.

"నువ్వు మంచిగ సదివినవా పిల్లా? మల్లొక్కసారి సదువు" అంది పెద్దమ్మ.

పెద్దమ్మ మాకు బంధువు కాదు, పక్కింటి మనిషి. నలభై దాటాయి, భర్త పోయి చాలా ఏళ్లయింది. వాడకట్టంతా ఆమెను అలాగే పిలిచేది. బీడీలు చుట్టడంలో ఆమెను మించినవాళ్లు మా వైపు లేరు. పనిచేస్తూ ఆమె ఆకు వైపు చూసేది కాదు. కళ్లు మా మొహాల మీద ఉండేవి, చేతుల పని చేతులు చేసుకుపోయేవి. పక్కామె తునికాకు సర్దుకునేలోపే ఈమె దాంట్లో తంబాకు వేసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టి చాటలో పడేసేది. అందరికంటే వేగంగా చుడుతుందన్న పేరంటే ఆమెకు ప్రాణం. సంతలో కూరగాయలామెతో కూడా "కార్ఖానాల అడుగు, నా చెయ్యి ఎసొంటిదో" అని చెప్పుకునేది.

ఇక నా చేతి సంగతి. నాది ఎడపల్లి. తొమ్మిదేళ్లప్పుడు, బెల్లం వండే కాలంలో, చెరుకు గానుగలో నా కుడిచేయి పడింది. చూపుడువేలు, మధ్యవేలు సగానికి పోయాయి. పొలం పనికి పనికిరాదు, బడికన్నా పోనీ అని బాపు ఏడో తరగతి దాకా చదివించాడు. యాభై ఎనిమిదిలో నిజామాబాదు కోడలినయ్యాను. మా ఆయన రైల్వే స్టేషన్‌లో మూటలు దించేవాడు, మా అత్త బీడీలు చుట్టేది. పెళ్లికి ముందు నా చేయి ఎవరూ దాచలేదు. అయినా మా అత్త దాన్ని చూసిన ప్రతిసారీ ఆ రోజే మొదటిసారి చూసినట్టు నిట్టూర్చేది. మొదటి నెలలోనే నన్ను కూర్చోబెట్టి చెప్పింది:

"నీ వంతు బీడీలు నీ చాటల వడ్డన్ని దినాలు ఈడ ఉండు. పడని దినం ఎడపల్లికి బస్సు ఉండనే ఉన్నది."

నవ్వుతూ అనలేదు. నేనూ నవ్వులాట అనుకోలేదు.

రెండు వేళ్లు లేని నా చాటలో బీడీలు ఎలా పడేవంటే, మా వాడకట్టులో ఒక ఏర్పాటు ఉండేది. చుట్టేవాళ్ల చేతులు పనిలో ఉంటాయి, చెవులు ఖాళీ. చదువొచ్చిన వాళ్లెవరైనా మధ్యలో కూర్చుని చదివి వినిపించాలి. విన్నందుకు తలా ఒక కట్ట, అంటే ఇరవై ఐదు బీడీలు, చదివిన మనిషి చాటలో వేయాలి. నాకంటే ముందు ఒక ముసలాయన పురాణాలు చదివేవాడట. ఆయన పోయాక ఆ పీట నాకు దొరికింది. మా ఆయన స్టేషన్‌లో ప్రయాణికులు వదిలేసిన పేపర్లు ఏరుకొచ్చేవాడు. సాయంత్రానికి పన్నెండు కట్టలు పడేవి. తక్కువైనవి మా అత్త సణుగుతూ చుట్టేది.

రాజకీయాలు చదివితే వాళ్లకు ఆవలింతలు. దొంగతనాలు, ప్రమాదాలు ఒక పూటకు సరి. పరదేశపు ఆటల ముచ్చట్లంటే మాత్రం చెవులు నిక్కబొడుచుకునేవాళ్లు. రోములో ఇథియోపియా సిపాయి ఒకడు ఇరవై ఆరు మైళ్లు ఉత్త కాళ్లతో పరుగెత్తి అందరికంటే ముందొచ్చాడని చదివాను. వీళ్లు అదిరిపోతారని నేను ఎదురుచూస్తుంటే, చెప్పుల సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

"చెప్పుల్లేకుంటే ఏందట? మనం ఏస్కుంటున్నమా?" అంది ఒకామె. "ఇరువై ఆరు మైళ్లంటే ఎంత దూరముంటదే?"

"ఇక్కడి నుంచి బోధన్ పోయి, బోధన్ దాటి కోటగిరి దాకా" అన్నాను, ఉజ్జాయింపుగా.

"అంత దూరం ఎవడన్న ఎనుక తరిమిండా?"

"ఎవరూ తరమలేదు."

"మరి ఆడ ఏం పనుండె ఆయినకు?"

ఏ పనీ లేకుండా, ఎవరూ తరమకుండా ఒక మనిషి కోటగిరి దాకా పరుగెత్తడం వాళ్లకు మింగుడుపడలేదు. పెద్దమ్మకు పట్టుకున్నది వేరే. ఎంతసేపట్లో పోయాడని అడిగింది. రెండుంబావు గంటలని చెప్పాను. ఆమె కాసేపు పెదాలు కదిపి, "నేను పన్నెండు కట్టలు జేసేలోపు కోటగిరి జొచ్చిండా!" అని నోరు తెరిచింది. ఆ రోజు నుంచి ఆ సిపాయి ఆమెకు పోటీదారుడు. పన్నెండు కట్టలు అయ్యాయంటే, "ఇగో, ఆయిన కోటగిరిల నీళ్లు తాగుతుండు" అనేది.

ఇంకోసారి, జపాన్ నుంచి అమెరికాకు ఓడలో పోతుంటే సముద్రం మధ్యలో ఒక గీత దాటగానే ఒకే రోజు రెండుసార్లు వస్తుందని చదివాను. శనివారం ఒక్కపొద్దు ఉండే ఒకామెకు గుండెలో రాయి పడింది. "ఎంటెంట రెండు శనివారాలొస్తే రెండు దినాలు ఉపాసముండాల్నా?" అని నన్ను నిలదీసింది, ఆ గీత నేనే గీసినట్టు. అటు నుంచి ఇటొస్తే ఒక రోజు మాయమవుతుందని చెబితే, "అయితే గా దిక్కు నుంచే వస్త" అని తేల్చుకుంది. మాలో ఎవరమూ అప్పటికి బోధన్ రైలు తప్ప ఇంకో రైలు ఎక్కినవాళ్లం కాదు.

అరవై నాలుగులో నా నోట్లో మన్ను పడింది. ఎదురు వరుసలో ఒకరింట్లోకి రేడియో వచ్చింది. అది పాటలు కూడా పాడుతుంది, నేను పాడను. ముందు ఇద్దరు చాటలెత్తుకుని అటు పోయారు, తర్వాత నలుగురు. సరిగ్గా అప్పుడే మా ఆయనను చెరుకు కాలం ముంచుకొస్తోందని బోధన్ లైను పనికి పంపారు. పేపర్లు రావడం ఆగిపోయింది. చదివినవే మళ్లీ చదివితే ఉన్నవాళ్లూ మొహాలు తిప్పుకున్నారు. నా చాటలో ఆరు కట్టలు, తర్వాత ఐదు. ఒక సాయంత్రం మా అత్త నేను వింటుండగా ఎవరినో ఎడపల్లి బస్సు ఎన్ని గంటలకని అడిగింది.

మరునాడు పాత పేపరొకటి చేతిలో పట్టుకుని, అందులో లేనిది చదివాను.

"ఈసారి టోక్యోలో జరిగే పోటీల్లో ఆకు చుట్టే పోటీ కూడా పెడుతున్నారు. ఏ దేశం వాళ్లు ఎక్కువ చుడితే వాళ్లకు బంగారు పతకం."

ఎందుకు ఆ మాటే వచ్చిందో ఇప్పటికీ తెలియదు. నా ఎదుట చాటలు ఉన్నాయి, నాలుకకు అదే దొరికింది. నవ్వుతారు, ఆటపట్టించానని చెప్పేసి ఊరుకుందాం అనుకున్నాను. ఒక్కరూ నవ్వలేదు. గుర్రాల దగ్గర వంద ప్రశ్నలు వేసినవాళ్లు, గీత దగ్గర నన్ను నిలదీసినవాళ్లు, దీన్ని మాత్రం అడగకుండా నమ్మేశారు. పరుగుకు పతకమిచ్చేవాళ్లు బీడీకి ఎందుకియ్యరు? సాయంత్రానికి రేడియో ఇంటికి పోయినవాళ్లంతా తిరిగొచ్చారు. పన్నెండు కట్టలూ పడ్డాయి. ఆ రాత్రి కడుపునిండా అన్నం తిన్నానని చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

మూడోరోజు పెద్దమ్మ కార్ఖానాకు పోయింది. మాకు ఆకు, తంబాకు ఇచ్చి, సాయంత్రం బీడీలు లెక్కబెట్టుకునే మున్షీ అక్కడ ఉంటాడు. ఈమె తిన్నగా ఆయన ముందు నిలబడి అడిగిందట: "జపాన్ పోటీకి మన దిక్కు నుంచి ఎవల్ని తోలుతుండ్రు సాబ్?"

ఇంకేముంది, ఆయన పకపకా నవ్వుతాడు, నా బండారం బయటపడుతుంది, అంతే అనుకున్నాను. ఆయన నవ్వలేదు. పెద్దమ్మను ఎగాదిగా చూసి, "ముందుగాల ఈడ పోటీ పెడదాం. ఎవలు గెలుస్తరో సూసినంక జపాన్ ముచ్చట" అన్నాడట.

ఆదివారం కార్ఖానా ముంగిట్లో పోటీ. ఎనిమిదింటి నుంచి పన్నెండు దాకా. ఆకులు మున్షీయే ముందుగా కత్తిరించి పెట్టించాడు. పెద్దమ్మ ఉతికిన చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చి కూర్చుంది. ఆ నాలుగు గంటలు ఆమె చేతులను చూసిన ఎవరూ రెప్ప వేయలేదు. ఆరు వందలు దాటింది. ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు, నేను కూడా. లేచి నిలబడిన పెద్దమ్మ మొహం ఎర్రబడి, పద్దెనిమిదేళ్ల పిల్ల మొహంలా ఉంది. అబద్ధమని అప్పుడు చెబుదామని రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాను.

సోమవారం ఆకు తెచ్చుకోవడానికి పోతే మున్షీ అందరినీ వరుసగా నిలబెట్టాడు.

"నాలుగు గంటలల్ల ఆరు నూర్లు. ఎనిమిది గంటలకు ఎంతయితదో మీరే జెప్పుండ్రి. ఇన్నేండ్లు ఎనిమిది నూర్లే తెచ్చి మమ్మల్ని మోసం జేసిండ్రా? రేపటి నుంచి పన్నెండు నూర్లు తెచ్చినోళ్లకే ఆకు. చాతగానోళ్లు ఇంట్ల పండుండ్రి."

పసిపిల్లల తల్లులున్నారు మాలో, చూపు మందగించినవాళ్లున్నారు. ఎనిమిది వందలకే వాళ్ల నడుములు పడిపోయేవి. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాక ఒకామె, "పోనీ, మన పెద్దమ్మ జపాన్ అన్న పోతది" అని కళ్లు తుడుచుకుంది. ఇక నావల్ల కాలేదు.

"జపాన్‌ల ఏ పోటీ లేదు. నేనే కల్పించిన."

కొడతారనుకున్నాను. కొట్టినా బాగుండేది. పెద్దమ్మ చాట పక్కన పెట్టి అడిగింది:

"గుర్రాల ముచ్చట గూడ అబద్దమేనా?"

"కాదు పెద్దమ్మా, అది నిజం. పేపర్ల ఉన్నది."

"కోటగిరి దాక ఉరికినాయిన?"

"నిజం. నా మీద ఒట్టు."

"ఊకో" అంది. ఆమె గొంతులో కోపం లేదు, అదే నన్ను చంపేసింది. నాలుగేళ్లుగా ఆమె ఏ మనిషితో పోటీపడి చుట్టిందో, ఆ మనిషి అప్పుడే ఆమె కళ్ల ముందు లేకుండా పోయాడు. నేను కల్పించిన ఒక్కదాన్ని నమ్మారు. ఇప్పుడు నిజాలన్నీ అబద్ధాలయ్యాయి.

పన్నెండు వందలు తేవాల్సినవాళ్ల దగ్గర నాకు వేయడానికి కట్టలెక్కడివి? అడగడానికి నాకు మొహమెక్కడిది? నాలుగు రోజులు నా చాట అడుగు కనబడుతూనే ఉంది. ఐదో రోజు పొద్దున మా అత్త నా చీరలు నాలుగు మూటగట్టి గడప దగ్గర పెట్టింది. మా ఆయన బోధన్‌లోనే ఉన్నాడు. మూట ఎత్తుకుంటుంటే పెద్దమ్మ లోపలికొచ్చింది.

"ఈమెను రేపు తోలు. ఇయ్యాల సేటొచ్చిండు. లెక్క రాసేటందుకు నాకు మనిషి గావాలె."

సేటు అంటే కార్ఖానా యజమాని, నెలకోసారి వచ్చేవాడు. పెద్దమ్మ ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడింది. "ఆదివారం పోటీల ఆకు కత్తిరిచ్చి ఇచ్చిండ్రు సేటు. ఇంట్ల మాకెవలు కత్తిరిచ్చి ఇస్తరు? నిండాకు ఇయ్యుండ్రి. మీ ముంగటనే సుడత. గదే లెక్క పెట్టుండ్రి" అంది. మాటలో న్యాయముంది. సేటు తల ఊపాడు. మున్షీ గడియారం తీసి పెట్టాడు. నన్ను కాగితంతో పక్కన కూర్చోబెట్టారు.

నేను లోపల లెక్క వేసుకున్నాను. ఆకు కత్తిరించుకుంటూ చుట్టినా నాలుగు గంటల్లో ఈమె ఐదు వందలు దాటుతుంది. అంటే రోజుకు వెయ్యి పైన. మా కష్టం పెద్దగా తగ్గదు. ఈమెకేమైనా మతిపోయిందా అనుకున్నాను.

మొదటి కట్ట అయ్యాక చూశాను. పెద్దమ్మ ఆకు వైపు చూస్తోంది. ఎప్పుడూ చూడని మనిషి, తల వంచి, ఆకును తిప్పి తిప్పి చూసి కత్తిరిస్తోంది. దారం జారితే మళ్లీ చుట్టింది. చుట్టిన బీడీ విప్పి తంబాకు సర్దింది. మున్షీ నవ్వుతూ, "ఏంది పెద్దమ్మా, జపాన్ గిట్లనే పోతవా?" అన్నాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు కొందరు తలలు దించుకున్నారు, వెనక ఒకమ్మాయి కిసుక్కున నవ్వింది. పెద్దమ్మ చెవులు ఎర్రబడ్డాయి. చేతులు మాత్రం వేగం పెంచలేదు. ఆ నాలుగు గంటలు ఆ చేతులను ఆపిపెట్టడానికి ఆమె పడిన పాటు నేనొక్కదాన్నే దగ్గర నుంచి చూశాను. మెడ మీద చెమట ధారలు కట్టింది.

మూడు వందల డెబ్బై అయ్యాయి.

"ముసలిదయింది, చెయ్యి పడిపోయింది" అన్నాడు సేటు మున్షీతో. "పాత లెక్కే ఉంచు."

అందరికీ ఊపిరొచ్చింది. తిరిగొచ్చేటప్పుడు దారిలో అడిగాను, "ఎందుకు జేసినవు పెద్దమ్మా?" అని.

"ఏంది జేసింది? చెయ్యి పడిపోయింది, సేటు జెప్పలే?" అని ముందుకు నడిచింది.

ఆ మాట ఆమె మరి మార్చలేదు, మార్చే వీలూ లేదు. మరునాడు వెయ్యి తీసుకుపోతే మున్షీకి తెలిసిపోతుంది. అందుకని అరుగు మీద అందరితోపాటు మెల్లగా చుట్టేది, ఎనిమిది వందలే అప్పజెప్పేది. నిన్నమొన్న నేర్చుకున్న పిల్లలు ఆమెను దాటిపోతూ ఎగతాళి చేసేవాళ్లు. మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయాక నా పేరు మీద వచ్చిన ఆకు తీసుకుని తన ఇంట్లో తలుపు మూసుకునేది. గంటన్నర తర్వాత కట్టలు తెచ్చి నా చాటలో పోసేది. ఒకసారి తలుపు సందులోంచి చూశాను. కళ్లు గోడ మీద ఉన్నాయి, చేతులు ఆదివారం నాటి చేతులే. మా అత్త నా మూట విప్పి చీరలు దండెం మీద వేసింది. నేను ఈ ఇంట్లో ముసలిదాన్నయ్యానంటే ఆ మూసిన తలుపు వల్లే.

నెల దాటాక మా ఆయన బోధన్ నుంచి కొన్ని పేపర్లు తెస్తే ఆమే అడిగింది, "పేపరు సదవవా? ఉన్నదున్నట్టు సదువు" అని. అలా నా పీట మళ్లీ దొరికింది.

అరవై ఎనిమిదిలో పోటీలు మెక్సికోలో జరిగాయి. ఇరవై ఆరు మైళ్ల పరుగులో ఒక ఆఫ్రికా దేశం మనిషి దారిలో పడి మోకాలికి దెబ్బ తగిలించుకున్నాడని, గెలిచినవాడు చేరిన గంటకు పైగా తర్వాత, కాలికి కట్టు కట్టుకుని, కుంటుకుంటూ చివరివాడిగా వచ్చాడని, మిగిలిన జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారని చదివాను. అరుగంతా అయ్యో అంది. ఒకామె కొంగుతో కళ్లొత్తుకుంది. పెద్దమ్మ మెల్లగా దారం చుడుతూ, తల ఎత్తకుండా అడిగింది:

"కావాలని ఎనుకవడ్డడా?"

"లేదు పెద్దమ్మా. కాలికి దెబ్బ తాకింది."

"గంతేనా?" అంది.